బూడిదజూలు

"ఇంకోసారి పెట్టు," అన్నాడు తావ్‌బాయ్.

అన్నది కూతురు కున్‌సులుతో. ఫోను ఆమె చేతిలో ఉంది మరి. ఎదురుగా టీ గిన్నెలు సర్దుతున్న కోడలు అక్మరల్ వైపు ఆయన చూపు పోలేదు. నాలుగు రోజులుగా పోకుండా చూసుకుంటున్నాడు.

"ఆరుసార్లు విన్నావ్ నాన్నా. ఏడోసారికి అమ్మ కొత్తగా ఏమైనా చెప్తుందా?"

"ఒకటొచ్చిందో రెండొచ్చాయో తెలియొద్దూ? పెట్టవే."

కున్‌సులు విసుగ్గా నొక్కింది. ముందు గాలి హోరు. దాని వెనకనుంచి బీబీకమల్ గొంతు, ఆయాసంతో.

"వినపడుతోందా? బూడిదజూలు ఇటొచ్చేసినట్టుంది. తెల్లారినప్పట్నించీ చల్లని పక్క పొదల్లో కదలడం కనిపిస్తోంది. దగ్గరికెళ్తే ఒకటే అరవడం, పళ్ళు పటపటమనడం. నాకు భయంగా ఉంది. జోమార్త్‌ని పంపండి, పొద్దు వాలకముందే. ఒట్టి చేతుల్తో రావద్దనండి, వచ్చేటప్పుడు..."

అక్కడితో తెగిపోయింది. మొత్తం ఇరవై రెండు సెకన్లు. పైన వేసవి మేతల దగ్గర ఒకే ఒక్క రాయి మీద సిగ్నల్ దొరుకుతుంది. ఆ రాయెక్కి ఎక్కువసేపు నిలబడగల మోకాళ్ళు బీబీకమల్‌కి లేవు.

కొడుకు జోమార్త్ తుపాకీ భుజాన వేసుకుని, గుర్రమెక్కి బయల్దేరి గంటన్నరైంది.

"ఒకటే అయ్యుంటుందిలే," అన్నాడు తావ్‌బాయ్ తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "రెండైతే గొర్రెలు మిగిలేవి కావు."

అక్మరల్ టీ పోసి గిన్నె ఆయన ముందుకు జరిపింది. ఆయన దాన్ని వేలితో కూతురి వైపు నెట్టాడు. కున్‌సులు ఒక గుటక తాగి, అదే గిన్నె తండ్రి ముందు పెట్టింది. ఇప్పుడది కూతురిచ్చిన టీ అయింది. ఆయన తాగాడు.

మా ఇళ్ళల్లో కోడలి చేతి టీ తాగకపోవడమంటే చెంపదెబ్బ కంటే ఎక్కువ. చెంపదెబ్బ ఒకసారి కొడితే అయిపోతుంది. టీ రోజుకి ఆరుసార్లు తాగుతాం.

అక్మరల్ చేసిన నేరం ఒక పుస్తకం. బీబీకమల్ ఈ ఇంటికొచ్చి నలభై నాలుగేళ్ళు. మామగారి పేరు, బావగారి పేరు, కట్టుకున్నవాడి పేరు ఆమె నోట ఏనాడూ రాలేదు. ఇంతవరకూ మీకూ తెలిసిన సంగతే. కానీ మా కజఖ్ పేర్లతో ఒక చిక్కుంది. పోయిన మామగారు బులాక్‌బాయ్. బులాక్ అంటే నీటి ఊట. భర్త తావ్‌బాయ్. తావ్ అంటే కొండ. బావగారి ముందు పుట్టిన ముగ్గురు పసివాళ్ళు దక్కకపోతే, నాలుగోవాణ్ణి చూసి చావు జడుసుకోవాలని తల్లి కస్కిర్‌బాయ్ అని పెట్టింది. కస్కిర్ అంటే తోడేలు. దాంతో పేర్లు మూడూ పోయాయి, వాటితోపాటే బీబీకమల్ నోట్లోంచి ఊటా కొండా తోడేలూ పోయాయి. కొండల్లో, ఊట పక్కన, తోడేళ్ళకి భయపడుతూ గొర్రెలు కాసే మనిషికి!

అయినా ఆవిడ తగ్గలేదు. ఊటని 'చల్లని' అంది. కొండని 'ఎత్తు' అంది. మగవాళ్ళకి ఈ బాధ లేదు గనక ఆ మాటలు నేర్చుకునే అవసరమూ పడలేదు.

అలాంటి ఆడవాళ్ళ మాటలు నాలుగొందల పన్నెండు పోగేసింది అక్మరల్. విశ్వవిద్యాలయంలో పెద్దల ముందు నిలబడి వాటి గురించి వాదించి పట్టా తెచ్చుకోవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఈలోగా మాటల పట్టిక సన్నటి పుస్తకంగా అచ్చయి ఊళ్ళోకి దిగింది. ప్రతి మాట పక్కనా అసలు పేరు, ఎవరి పేరు కనుక దాన్ని అనకూడదో ఆ వివరం. కొట్టు దగ్గర ఎవడో పైకి చదివి, "తావ్‌బాయ్, మీ ఆవిడ నోట్లో దాచుకున్నవన్నీ మీ కోడలు బజార్లో పరిచిందయ్యా," అన్నాడట. తావ్‌బాయ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆరోజు నుంచే టీ గిన్నె ఇలా పక్కకి జరుగుతోంది.

తమాషా ఏమిటంటే, ఇవాళ ఆ పుస్తకమే అక్కరకొచ్చింది. బూడిదజూలు అంటే ఏమిటో తండ్రీ కొడుకులకి తెలియక మొహమొహాలు చూసుకుంటే, కున్‌సులే పేజీ తిప్పి చదివింది. "బూడిదజూలు: తోడేలు." జోమార్త్ గోడ మీది తుపాకీ దించాడు. వెళుతూ భార్య భుజం తట్టి, "చూశావా, పనికొచ్చింది," అన్నాడు. నాలుగు రోజుల్లో ఆమె విన్న మొదటి మంచి మాట అదే.

మరైతే ఆమె ముఖం ఎందుకలా ఉంది?

"వదినా, టీ పొంగిపోతోంది," అంది కున్‌సులు.

అక్మరల్ గభాలున కెటిల్ ఎత్తింది. "ముద్దులపిల్లా," అంది మెల్లగా. ఆడపడుచు పేరు కూడా అనకూడదు కదా, కాపరానికొచ్చిన రోజు ఆమె పెట్టుకున్న పిలుపు అది. "తోడేలు పళ్ళు పటపటమంటాయా?"

"గుర్రుమంటుంది. పళ్ళు చూపిస్తుంది. ఏం?"

"చూపిస్తుంది. పటపటమనవు కదా. చలికి వణికితేనే కదా అలా అనేది?"

"ఇప్పుడు తోడేలు పళ్ళ మీద కూడా పుస్తకం రాస్తావా?"

అక్మరల్ లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

కిందటి శరదృతువులో అత్తగారి దగ్గర రికార్డు చేసిన మాటలన్నీ ఫోనులో వరస సంఖ్యలతో ఉన్నాయి. బూడిదజూలు మాట దొరికింది పదిహేడోదాంట్లో. చెవి దగ్గర పెట్టుకుంది.

"ఆ ఏడు మంచు కిటికీల దాకా పేరుకుంది," అంటోంది బీబీకమల్ గొంతు. "బూడిదజూలు ఆకలికి ఆగలేక ఎత్తు దిగి మా గడప దగ్గరికే రావడం, కుక్కలు గొంతు చించుకోవడం. నేనా కొత్త కోడల్ని. వణికి చచ్చాననుకో."

అంతవరకే అక్మరల్ కాగితం మీదికి ఎక్కించింది. తర్వాత పళ్ళేలు కడిగే చప్పుడు. ఆరోజు అక్కడ ఆపేసింది, అర్థం తెలిసిపోయింది కదా అని.

ఇవాళ ఆపలేదు. పళ్ళేల చప్పుడు మధ్య అత్తగారి నవ్వు వినిపించింది.

"మూడు గిన్నెల టీ, సగం పళ్ళెం బౌర్సాకు రొట్టెలు అయితేగానీ లేవడం జరగలేదు!"

అక్మరల్ మంచం అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. టీ తాగిన తోడేలు. ఆ టీ పోసింది కొత్త కోడలు. ఆకలేసి తమ్ముడింటికి దిగొచ్చింది బావగారు.

మీ భాషలో ఈ పొరపాటు జరగదు. వచ్చాడో, వచ్చిందో, క్రియ తోకే చెప్పేస్తుంది. మాకా సదుపాయం లేదు. అతనికీ ఆమెకీ దానికీ కలిపి మాకున్నది ఒకటే మాట, 'ఓల్'. మనిషికీ మృగానికీ వ్యాకరణం తేడా చూపించదు. పక్కన కూర్చుని వింటున్నవాళ్ళే చూసుకోవాలి. అక్మరల్ చూసుకోలేదు.

అదే రికార్డు చివర తన గొంతే వినిపించింది. "ఒక్కసారి ఆ అసలు పేరు అనండి అత్తయ్యా, రికార్డు కోసం." దానికి బీబీకమల్ నవ్వు ఆపి, "ఆ పేరు నా నోట రావాలంటే ముందు వినే చెవులు చల్లబడాలమ్మా. ఆరోజు అంటాను," అంది.

అక్మరల్ గదిలోంచి బయటికి వచ్చి, మామగారి ఎదురుగా నిలబడింది.

"పెద్దమామయ్య ఎక్కడున్నారు?"

తావ్‌బాయ్ కూతురి వైపు తిరిగాడు. "మీ వదినకి చెప్పు. మా అన్న కెగెన్‌లో కూతురి దగ్గరున్నాడు. నువ్వే కదా నిన్న వ్యాన్ ఎక్కించావ్."

"అవును, నేనే ఎక్కించా," అంది కున్‌సులు.

"చేరారా?"

"ఎందుకు చేరడు?"

"ఫోన్ చేశావా?"

కున్‌సులు విసురుగా, "ఏంటీ పోలీసు ప్రశ్నలు? డ్రైవర్‌కి చెప్పాను, జాగ్రత్తగా దించమన్నాను," అంది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. రెండేళ్ళుగా మతిమరుపు. ఏ రోజు ఏ ఏడాదిలో ఉంటాడో ఆయనకే తెలియదు.

"చెయ్యి ముద్దులపిల్లా. ఇప్పుడే చెయ్యి."

కెగెన్‌లో ఫోను రెండు మోతలకే ఎత్తారు. అవతల కస్కిర్‌బాయ్ కూతురి గొంతు హుషారుగా ఉంది. "నాన్నని ఎప్పుడు పంపిస్తున్నారే? మంచం కూడా వేసి ఉంచాను," అంటోంది.

కున్‌సులు ఫోను దించేసింది. "దారిలో దిగిపోయుంటాడు," అంది. "వంతెన దగ్గర. వ్యానెక్కేటప్పుడు గొర్రెల దగ్గరికి పోవాలి, ఆలస్యమైంది అంటూనే ఉన్నాడు. నేను నవ్వాను. నాన్నా, నేను నవ్వాను."

తావ్‌బాయ్‌కి ఇంకా అర్థం కాలేదు. అర్థమవుతుంటే ఒప్పుకోలేకపోయాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కోడలి ముఖంలోకి చూశాడు.

"నీ పుస్తకంలో తోడేలని ఉంది కదా?"

"తప్పు రాశాను మామయ్యా."

"అచ్చులో ఉంది!"

"అచ్చులోనూ తప్పే. అత్తయ్య ఆ మాటన్నది తోడేల్ని కాదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయని చెప్తున్నారు. ఒట్టి చేతుల్తో రావద్దంటే కోటు తెమ్మని, మందులు తెమ్మని. మీ అబ్బాయి తుపాకీ పట్టుకెళ్ళారు."

ఆయన లేచిన ఊపుకి టీ గిన్నెలు బోర్లాపడ్డాయి. ఎవరూ తుడవలేదు.

*

జోమార్త్ ఫోను అందుబాటులో లేదంది. పదిసార్లూ అదే చెప్పింది. కున్‌సులుని ఇంట్లోనే ఉండి, మోగించడం ఆపొద్దని చెప్పి, తావ్‌బాయ్ పాత నివా కారు బయటికి తీశాడు. అక్మరల్ పిలవకుండానే ఎక్కి పక్కన కూర్చుంది. ఒళ్ళో పెద్దాయన గొర్రెతోలు కోటు, మందుల సంచీ.

గుర్రానికి మూడు గంటల దారి. కారు ఆఖరి వంతెన దాకా నలభై నిమిషాల్లో పోతుంది. అక్కడినుంచి గుట్ట ఎక్కితే ఊట కనిపిస్తుంది. లెక్క ప్రకారం అందుకోవచ్చు. లెక్క ప్రకారమే అని ఇద్దరికీ తెలుసు. పైన మబ్బు కిందికి దిగుతోంది.

కారు ఊరు దాటింది.

"వాడు చూడకుండా కాల్చడు," అన్నాడు తావ్‌బాయ్.

"పెద్దమామయ్య ఒంటి మీద ఏముంది మామయ్యా?"

ఆయన మలుపు తిప్పాడు. "బూడిదరంగు ఉన్నికోటు."

అక్మరల్ ఒళ్ళోని కోటు దగ్గరికి లాక్కుంది.

"నలభై నాలుగేళ్ళు కాపురం చేశాను," అన్నాడాయన ఉన్నట్టుండి. "మా అన్నని ఆవిడ ఏమని పిలుస్తుందో నాకు తెలియదు. నీకు తెలుసనుకున్నాను."

"నేనూ అనుకున్నాను."

"నువ్వైతే అడిగావు కదా! ఫోను పెట్టి మరీ అడిగావు."

"సగమే విన్నాను." అక్మరల్ ఆయన వైపు తిరిగింది. "మీరు సగం కూడా వినలేదు. ఇంట్లో వాళ్ళెవరైనా ఒక్కరు తెలుసుకుని ఉంటే నా పుస్తకం అవసరమే ఉండేది కాదు. ఆవిడ ఇంత కష్టపడి మాటలు మార్చుకుంది మీ మర్యాద కోసమే కదా మామయ్యా? ఇవాళ భయమేసి పిలిస్తే ఏమంటోందో మన ఇంట్లో ఒక్కరికీ తెలియలేదు."

మామగారితో ఏ కోడలూ అలా మాట్లాడదు. అని నాలుక కరుచుకుంది. ఆయన తిట్టలేదు. కారు వేగం పెంచాడు. ఆయనకి కోపం కంటే భయం ఎక్కువగా ఉంది.

వంతెన దగ్గర కారు వదిలేశారు. గుట్ట ఎక్కుతుంటే ఆయన రెండుసార్లు పడ్డాడు. రెండోసారి అక్మరల్ చెయ్యిస్తే పట్టుకున్నాడు.

పైకి వచ్చేసరికి గాలి ముఖం మీద కొట్టింది. కింద లోయలో మంచు తెరలు తెరలుగా కదులుతోంది. ఊట పక్కన జునిపర్ పొదలు నల్లగా కనిపిస్తున్నాయి. ఆ పొదల మధ్య ఏదో బూడిదరంగుది ముడుచుకుని ఉంది. అవతలి వాలు మీద, ఫర్లాంగు దూరంలో, జోమార్త్ మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. తుపాకీ రాతి మీద ఆనించి ఉంది. మంచు తొలగడం కోసం చూస్తున్నాడు. తల్లి గుడారం ఇంకా అవతల, మెరక వెనకాల.

"కస్కిర్‌బాయ్!" అని అరిచాడు తావ్‌బాయ్ ఊపిరంతా కూడదీసుకుని. "అది కస్కిర్‌బాయ్ రా!"

మగవాడు. అన్న పేరు అనే హక్కున్నవాడు. అన్నాడు.

గాలి సగం మింగేసింది. జోమార్త్ తలెత్తి గుట్ట మీద మనుషుల్ని చూశాడు. చెయ్యెత్తి ఊపాడు. తర్వాత వేలు పెదవుల మీద పెట్టుకుని, పొదల వైపు చూపించి, చెంప తుపాకీకి ఆనించాడు.

వాడికి వినబడింది కస్కిర్ వరకే.

"వద్దు మామయ్యా, పిలవద్దు!" అక్మరల్ ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు తోడేలని అరుస్తున్నారనుకుంటున్నారు ఆయన!"

"మరేమని పిలవను?"

ఆమె నోరు తెరిచింది. బూడిదజూలు అందామంటే అది తోడేలని తనే అచ్చేయించింది, అతను అది వినే వెళ్ళాడు. పెద్దాయన్ని ఇంటిల్లిపాదీ పిలిచేది 'అతా' అని. ఆ మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. చివరి దీర్ఘం గాలి తినేస్తే మిగిలేది 'అత్'. అత్ అంటే మా భాషలో పేరు. అత్ అంటే గుర్రం. అత్ అని గట్టిగా అరిస్తే మాత్రం, కాల్చు అని. కాల్చొద్దు అన్నా అంతే, 'అత్‌పా'లో తోక తెగితే మిగిలేది మళ్ళీ అత్.

మంచు తెర పొదల మీదినుంచి జరిగిపోతోంది.

నాలుగొందల పన్నెండు మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. అప్పుడు అక్మరల్ మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులూ నడుముకి ఆనించుకుని, తల వెనక్కి వంచి రాగం ఎత్తింది.

చావు జరిగిన ఇంటి ముందు మా ఆడవాళ్ళు ఎత్తే రాగం అది. దానికి మాటలక్కర్లేదు. ఆ గొంతు వినపడితే గుర్రం మీద పోయేవాడు దిగుతాడు, తాగుతున్నవాడు గిన్నె కింద పెడతాడు. ఎంత గాలైనా దాన్ని మార్చలేదు. బతికున్న మనిషి మీద మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తితే చావుని పిలిచినట్టే అని మా భయం.

"నోరు ముయ్!" తావ్‌బాయ్ ఆమె భుజాలు పట్టుకుని కుదిపాడు. ఆయన కళ్ళు పిచ్చివాడి కళ్ళలా ఉన్నాయి. "బతికున్నాడు మా అన్న! నీకేం పుట్టింది? నోరు ముయ్యవే!"

ఆమె ఆపలేదు. కన్నీళ్ళు నిజంగానే కారిపోతున్నాయి. రాగం ఇంకా పైకి పోయింది.

అవతలి వాలు మీద జోమార్త్ లేచి నిలబడ్డాడు. తుపాకీ రాతి మీదే ఉండిపోయింది. తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఏమీ అర్థం కాక గుట్ట వైపు చూశాడు. తర్వాత పొదల వైపు చూశాడు. ఒక్కసారిగా అటు పరిగెత్తడం మొదలుపెట్టాడు.

అక్మరల్ గొంతు అప్పుడు తెగింది. ముందుకు వంగి ఊపిరి తీసుకుంది. కాల్చలేదు. కాల్చలేదు. ఆమెకి ఇంకేమీ తోచలేదు.

రాగం మాత్రం ఆగలేదు.

తావ్‌బాయ్ చేతులు ఆమె భుజాల మీదినుంచి జారిపోయాయి. ఇద్దరూ తలెత్తారు. మెరక వెనకనుంచి, గుడారం వైపునుంచి ఇంకో ఆడగొంతు అదే రాగం అందుకుంది. ముసలి గొంతు. అలవాటైన గొంతు. మంచులోంచి దగ్గరికొస్తోంది.

"మీ అత్తయ్య," అన్నాడు తావ్‌బాయ్. "ఏదో అంటోంది. మాటలున్నాయి అందులో. ఏమంటోంది?"

అక్మరల్ విన్నది. ఈసారి చివరిదాకా విన్నది.

"చెప్పమ్మా," అన్నాడాయన. ఆయన ఆమెని అమ్మా అనడం ఈ ఇంటికొచ్చాక అదే మొదలు. "నీకు తెలుస్తుంది కదా. ఏమంటోంది?"

"పేరు అంటున్నారు మామయ్యా."

"ఎవరి పేరు?"

ఆ పేరు అక్మరల్ నోట రాదు. పొదల వైపు చెయ్యి చూపించింది.

వినే చెవులు చల్లబడ్డాకే అంటాను అన్నది అత్తగారు. మరి ఆవిడ ఆయన దగ్గరికి వెళ్ళి, తాకి చూసి అంటోందా? లేక గుట్ట మీద కోడలు ఎత్తిన రాగం విని నమ్మేసి అంటోందా?

జోమార్త్ ఊట దగ్గరికి చేరాడు. కొమ్మలు పక్కకి లాగుతున్నాడు. "అతా!" అని వాడి గొంతు సన్నగా వినిపించింది. మెరక దిగుతూ బీబీకమల్ మళ్ళీ ఆ పేరే ఎత్తుకుంది.

పొదల్లో బూడిదరంగుది ఇంకా కదలలేదు.